గెట్టు కాడ కుర్చీలు

జెండా ఎగరేశాక క్లబ్‌హౌస్‌లో ఇడ్లీ పెట్టారు. హుయెన్ రెండు తిని ప్లేటు పక్కన పెట్టబోతుంటే రత్నమ్మ ఇంకో రెండు వేసింది.

"బస్, అవ్వా. కడుపు నిండింది," అంది హుయెన్.

"బస్సంట! ఈ మాటలన్నీ ఆ చంద్రయ్య దగ్గర నేర్చుకుంటాంది," అని రత్నమ్మ చట్నీ కూడా పోసింది. "మొగమాటపడొద్దు హేమా. తిను."

హుయెన్ అన్న పేరు రత్నమ్మ నోటికి రాదు. మొదటి వారమే హేమ అని పెట్టేసుకుంది. హుయెన్‌ది వియత్నాం. హనోయ్ ఆఫీసు ఆమెను ఏడాది పనికి హైదరాబాద్ పంపింది. ఇక్కడి ఆఫీసులో ఆమెకు పై అధికారి శిరీష, ఒక్కదాన్ని గెస్ట్‌హౌస్‌లో ఉంచడం నచ్చక, నార్సింగిలోని తన ఇంటికి తెచ్చుకుంది. శిరీష ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని చేస్తుంది. హుయెన్‌ను రోజూ ఆఫీసులో దింపి తెచ్చేది డ్రైవర్ చంద్రయ్య. ట్రాఫిక్‌లో ఇద్దరికీ మాట్లాడుకోవడం తప్ప వేరే పని ఉండదు. ఆమె తెలుగు అలా వచ్చింది.

"మూడు రోజులు సెలవు," అన్నాడు వెంకటరమణ, రత్నమ్మ కొడుకు, శిరీష భర్త. ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. "ల్యాప్‌టాప్ ముట్టుకోవద్దు. నువ్వు రిలాక్స్ కావాల. ఈరోజు శిల్పారామం. రేపు కృష్ణాష్టమి, ఇంట్లోనే. ఎల్లుండి శ్రీశైలం. గేట్లు ఎత్తినారు. ఆ నీళ్లు చూడకుండా మీ దేశం పోతే మాకు మాటొస్తుంది."

హుయెన్ నవ్వింది. నాలుగో ఇడ్లీ తుంచింది.

సాయంత్రం శిల్పారామంలో చినుకులు మొదలయ్యాయి. గొడుగు కారులో ఉండిపోయింది. తెస్తానని హుయెన్ పార్కింగ్‌కు నడిచింది. చంద్రయ్య కారుకు ఆనుకుని ఫోన్ మాట్లాడుతున్నాడు. వీపు ఇటువైపు ఉంది.

"రాను అంటున్న గద నర్సమ్మా. ఏం జెయ్యమంటవ్? అమ్మాయిని శ్రీశైలం తీస్కపోవాల్నంట... పెంటయ్యకు జెప్పు, వచ్చే ఐతారం దాక ఆగమను... ఆగడు, నాకెర్కే. జర నువ్వన్న ఆడ ఉండు."

ఫోన్ జేబులో పెట్టి తిరిగాడు. హుయెన్‌ను చూసి వెనక డోరు తీశాడు. గొడుగు ఇచ్చాడు.

"అమ్మాయి అంటే నేనే గద, అన్నా?" అంది హుయెన్.

"ఏం లేదమ్మా. ఇంటి ముచ్చట."

ఆమె కదల్లేదు. గొడుగు విప్పలేదు. చంద్రయ్య గుడ్డ తీసుకుని అద్దం తుడిచాడు. తుడిచిన అద్దం మీద మళ్లీ చినుకులు పడ్డాయి.

"ఐతారం మా పొలం కాడ గెట్టు పంచాయితీ ఉంది," అన్నాడు చివరికి. "రాళ్లు పాతుతరు. నా చేను, మా పాలోడు పెంటయ్య చేను పక్కపక్కనే. నేను లేకపోతే రాయి ఆయన జెప్పిన కాడ వడ్తది. సార్‌ను బుధవారం సెలవడిగిన. ఇచ్చిండు. నిన్న గేట్లు ఎత్తిండ్రు, సెలవు వాయె."

"కొంచెం జాగా పోతదా?"

"జాగా అంటే జాగా. గెట్టు పక్కనే మా అమ్మ గోరి ఉంది."

గోరి ఆమెకు తెలియదు. చంద్రయ్య రెండు అరచేతులు కలిపి చెంప కింద పెట్టుకుని కళ్లు మూశాడు. తర్వాత చేతులతో గాలిలో మట్టి లాగి కుప్ప చేశాడు.

హుయెన్ ఫోన్ తీసి ఒక ఫొటో చూపించింది. వరిపొలం, మధ్యలో తెల్లటి కట్టడం. "మా అవ్వ," అంది.

చంద్రయ్య రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేసి చూశాడు. "పొలంలనే? నీళ్లల్ల మునగదా?"

"మునగదు. ఎత్తుగ కడ్తరు."

"మంచిగుంది," అని ఫోన్ తిరిగిచ్చాడు. "సార్‌కు చెప్పకమ్మా. డ్రైవర్ ఇంటి సంగతులు గెస్టుకు చెప్తడా అంటరు. నాకే మాటొస్తది."

రాత్రి భోజనం దగ్గర హుయెన్ తనకు శ్రీశైలం రావాలని లేదని శిరీషకు ఇంగ్లీషులో చెప్పింది. ఇంట్లోనే పడుకుంటాను, పుస్తకం చదువుకుంటాను అంది.

"మాకు శ్రమ అనే కదా?" అంది శిరీష. "ఏం శ్రమ లేదు. రూమ్ కూడా చెప్పేశాం."

"లేదు. నిజంగానే వద్దు."

శిరీష భర్త వైపు చూసి నవ్వింది. "చూశారా, మన పిల్లల కంటే ఎక్కువ మొహమాటం."

"ఈ ఇంట్లో వద్దు అంటే రెండుసార్లు వడ్డిస్తాం," అన్నాడు వెంకటరమణ. నిజంగానే రత్నమ్మ అప్పటికి ఆమె కంచంలో పప్పు వేసేసింది.

"పోనీ మీరు కారు నడపరా?" అని అడిగింది హుయెన్.

"ఘాట్ రోడ్డులో నా నడుం పట్టేస్తుంది. చంద్రయ్య ఉన్నాడు గదా. ఏదో ఊరికి పోతానన్నాడు, గెట్టు పని అంట. గెట్టు యాడికి పోతుంది? వచ్చే వారం గూడా ఆడనే ఉంటుంది."

హుయెన్ పప్పన్నం కలిపింది. ఇంకో మాట అంటే చంద్రయ్య పేరు బయటికొస్తుంది. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. పుస్తకం తెరిచి మూసింది. బాల్కనీలోకి వెళ్లింది. కింద కారు పక్కన ఎవరూ లేరు. చంద్రయ్య నార్సింగి చివర, నలుగురు డ్రైవర్లు కలిసి కిరాయికి ఉండే గదికి వెళ్లిపోయి ఉంటాడు. ఆమె లోపలికి వచ్చి మంచం మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుంది.

శనివారం పొద్దున శిరీష పిండి ముగ్గుతో గుమ్మం నుంచి దేవుడి గది దాకా చిన్న పాదాలు వేస్తోంది. హుయెన్ గోడ పట్టుకుని ఆ పాదాలు తొక్కకుండా వచ్చి, కడుపు నొప్పి అని చెప్పింది. రేపు ప్రయాణం చేయలేనేమో అంది.

ఆమె అనుకున్నది అంతవరకే. నొప్పి అంటారు, ప్రయాణం మానుకుంటారు, డ్రైవర్‌కు సెలవు దొరుకుతుంది.

శిరీష పిండి గిన్నె కింద పెట్టేసింది. రత్నమ్మ గుప్పిట్లో ఉప్పు తెచ్చి ఆమె చుట్టూ మూడుసార్లు తిప్పింది. "నిన్న ఆ శిల్పారామంలో అందురూ దీన్నే చూస్తాండిరి. నేను అనుకుంటానే ఉండా." వెంకటరమణ తెలిసిన డాక్టర్‌కు ఫోన్ చేశాడు. స్నానం చేయకుండానే చొక్కా వేసుకున్నాడు. హుయెన్ ఇప్పుడు తగ్గింది అంది. ఎవరూ వినలేదు.

చంద్రయ్య హారన్ కొట్టుకుంటూ గచ్చిబౌలి వైపు పోనిచ్చాడు. వెనక సీట్లో హుయెన్ తల రత్నమ్మ ఒడిలో ఉంది. రత్నమ్మ చెయ్యి ఆమె కడుపు మీద ఉంది. అద్దంలో చంద్రయ్య కళ్లు మాటిమాటికీ వెనక్కి చూశాయి. హుయెన్ కళ్లు మూసుకుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కడుపు నొక్కి చూసింది. ఇక్కడ నొప్పా, ఇక్కడా అని అడిగింది. హుయెన్ ఒకచోట ఔనంది, ఒకచోట కాదంది. తిండి మారినందువల్ల కావచ్చు, రెండు రోజులు దూర ప్రయాణాలు వద్దు అని డాక్టరమ్మ మాత్రలు రాసింది. కారిడార్‌లో శిరీష శ్రీశైలం రూమ్ వద్దని ఫోన్‌లో చెప్పడం వినబడింది. హుయెన్ ఊపిరి వదిలింది.

ఇంటికి వచ్చాక, కింద కారు దిగుతూ వెంకటరమణ అన్నాడు: "చంద్రయ్యా, రేపు ఇక్కడే ఉండు. మళ్లీ నొప్పొస్తే బండి రెడీగా ఉండాల. రాత్రికి గూడా రూముకు పోవద్దు. వాచ్‌మన్ దగ్గర మంచం ఉంది, ఈడనే పడుకో."

"ఊరికి ఎట్లన్న పొయ్యేడిది ఉండె సార్. శ్రీశైలం లేదు గద."

"అమ్మాయికి బాగలేదు, చూస్తాండావు గదా. వచ్చే వారం రెండు రోజులు పో. నేనే పంపిస్తా."

"సరే సార్."

అందరూ లిఫ్టులోకి వెళ్లారు. మందుల కవరు కారులో మరిచిపోయానని హుయెన్ వెనక్కి వచ్చింది. చంద్రయ్య కవరు అందించాడు.

"నిజంగ నొస్తుందా అమ్మా?"

"లేదు."

"నయం," అన్నాడు. "దారి పొడుగునా నా పానం పానంల లేదు."

"నీ సెలవు కోసం చేసిన."

"ఎర్కైంది. ఇగ ఏం చెయ్యకమ్మా. నువ్వు గుంజిన కొద్ది ముడి బిగుస్తుంది."

లిఫ్టులోంచి శిరీష పిలిచింది. ఆ పగలంతా హుయెన్ మంచం మీద ఉంది. గంటకోసారి ఎవరో ఒకరు తలుపు తోసి చూశారు. ఓసారి జావ, ఓసారి మజ్జిగ, ఓసారి నుదుటి మీద చెయ్యి. ఆకలి వేస్తోంది, చెప్పడానికి లేదు. బయట అటుకుల పాయసం వాసన వస్తోంది.

ఆదివారం పొద్దున ఆమె స్నానం చేసి, జుట్టు ముడేసుకుని, పిలవకముందే టిఫిన్ బల్ల దగ్గరికి వచ్చింది. ఇప్పుడు పూర్తిగా తగ్గింది అంది. మూడు దోసెలు తింది. రత్నమ్మ మొహం విప్పారింది.

"నాకు ఒక కోరిక ఉంది," అంది హుయెన్.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. వచ్చిన ఇన్ని నెలల్లో ఆమె నోరు తెరిచి ఏదీ అడగలేదు.

"నాకు ఒక పల్లెటూరు చూడాలని ఉంది."

"ఓస్, అంతేనా? మొయినాబాద్ దగ్గర మా ఫ్రెండ్‌కు ఫామ్‌హౌస్ ఉంది," అన్నాడు వెంకటరమణ. "స్విమ్మింగ్ పూల్ కూడా ఉంది."

"పూల్ వద్దు. ఊరు. చంద్రయ్య అన్న ఊరు దగ్గరే అంట గద."

వెంకటరమణ భార్య మొహం చూశాడు. డ్రైవర్ ఊరికి ఏమని వెళ్తాం అన్నట్టు శిరీష కనుబొమలు కదిపింది. రత్నమ్మ దోసె పెనం మీద మూత పెట్టింది.

"అడగక అడగక ఒకటి అడిగింది. పాండి పోదాం. నాక్కూడా చేలు చూసి ఎన్నాళ్లయిందో."

కిందికి దిగగానే వెంకటరమణ ఆ మాట చెప్పాడు. చంద్రయ్య చేతిలో నీళ్ల మగ్గు ఉంది.

"ఇయ్యాలనా సార్?"

"ఇయ్యాలనే. నీ గెట్టు పని గూడా చూసుకోవచ్చు. ఒక దెబ్బకు రెండు పనులు."

"మీరెందుకు సార్, బురద... కారు పోదు ఆడిదాక." అతను మగ్గు కింద పెట్టి హుయెన్ వైపు చూశాడు. సంతోషిస్తాడని ఆమె అనుకుంది. అతను పక్కకు పోయి ఫోన్ చేశాడు. "నర్సమ్మా, సార్ వాళ్లు వస్తుండ్రు... అవు, అందరు. చాయ్‌కు పాలు తెచ్చిపెట్టు."

కోకాపేట టవర్లు వెనక్కి పోయాయి. శంకర్‌పల్లి దాటాక వెంకటరమణ కిటికీ దించి, వెంచర్ల బోర్డులు చదువుతూ, ఎకరం ఎట్లా పోతోంది ఇక్కడ అని రెండుసార్లు అడిగాడు. చంద్రయ్య తెలియదన్నాడు. అతను నడుపుతున్న తీరు హుయెన్‌కు కొత్తగా ఉంది. రోజూ ఒక చేత్తో నడిపేవాడు ఈరోజు రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకున్నాడు.

కారు పోదన్నాడు గానీ, చేను పక్కనే రోడ్డు ఉంది. పదిమంది దాకా నిలబడి ఉన్నారు. ట్రాక్టర్ ట్రాలీలో హద్దురాళ్లు ఉన్నాయి. ఒకాయన చేతిలో కొలతాడు. కారు ఆగగానే మాటలు ఆగిపోయాయి. వెంకటరమణ దిగేసరికి తలగుడ్డ కట్టుకున్న పెద్దమనిషి నమస్కారం పెట్టి వెనక్కి తిరిగి అరిచాడు: "కుర్చీలు తేండిరా!"

ఎవరో పరుగున వెళ్లి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి గెట్టు మీద వేశారు. వెంకటరమణ, శిరీష, రత్నమ్మ కూర్చున్నారు. హుయెన్‌ను కూర్చోమని నలుగురూ చెప్పారు. ఆమె కూర్చుంది. చంద్రయ్య వెళ్లి వెంకటరమణ కుర్చీ వెనకాల నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు.

పెంటయ్య అతని వయసువాడే. తెల్ల చొక్కా వేసుకున్నాడు. చేతిలో కర్రతో నేల మీద గీత గీశాడు. "గిదిగో సార్, ఈ బోరు దాక మా తాతది. ఎవలనన్న అడగుండ్రి."

"బోరు ఏడ, గెట్టు ఏడ?" అన్నాడు చంద్రయ్య వెనక నుంచి. "గెట్టు గా తుమ్మచెట్టు. మా నాయిన దున్నంగ నువ్వు గూడ సూసినవ్ గదనే. అడ్డం మాట్లాడకు. మా అమ్మను మన్నుల పెట్టిన్నాడు నువ్వే పార వట్టి—"

వెంకటరమణ చెయ్యి పైకెత్తాడు. కారులో ఏసీ తగ్గించమన్నప్పుడు, పక్కకు ఆపమన్నప్పుడు ఎత్తే చెయ్యి. చంద్రయ్య మాట మధ్యలో ఆగిపోయింది.

"అరుపులెందుకు?" అన్నాడు వెంకటరమణ. "రోజూ నేను చేసే పని ఇదే. ఒకరు ఆ చెట్టు అంటారు, ఒకరు ఈ బోరు అంటారు."

"పట్నం సార్ ఉన్నడు," అన్నాడు తలగుడ్డ పెద్దమనిషి. "అన్నీ తెలిసినాయన. సారే ఒక మాట చెప్తే అయిపాయె."

"నాకేం పేచీ లేదు," అన్నాడు పెంటయ్య వెంటనే. "సార్ ఎంత జెప్తే గంత."

అందరూ చంద్రయ్య వైపు చూశారు. అతను నేల చూశాడు.

వెంకటరమణ లేచి చెట్టు దాకా నడిచాడు. బోరు దాకా నడిచాడు. బూట్లకు బురద అంటితే గట్టుకు రాశాడు. "చెరి సగం వదులుకోండి. మధ్యలో రాయి వేయండి. పది నిమిషాల పని."

కొలతాడు సాగింది. తుమ్మచెట్టు మొదట్లో ఒకడు, బోరు దగ్గర ఒకడు పట్టుకున్నారు. నడుమ గుర్తు పెట్టారు. హుయెన్ అప్పుడు చూసింది. చెట్టుకు నాలుగడుగులు ఇవతల, నడుము ఎత్తున సున్నం వేసిన దిమ్మ. దాని మీద ఎండిన బంతిపూలు. గుర్తు ఆ దిమ్మకు ఇవతల పడింది. దిమ్మ పెంటయ్య వైపు ఉండిపోయింది.

నర్సమ్మ స్టీలు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది. చంద్రయ్య భార్య, అతని కంటే పొడుగు మనిషి. పళ్లెం వెంకటరమణ ముందు పట్టుకుని నిలబడింది. "సార్, మా అత్త గోరి అటు పోతుంది."

"గోరిని ఎవరూ ఎత్తుకుపోరు కదమ్మా," అన్నాడు గ్లాసు తీసుకుంటూ. "పండక్కి వచ్చి దీపం పెట్టుకో. ఏం పెంటయ్యా?"

"ఎవలొద్దంటరు సార్."

హుయెన్ కుర్చీలోంచి లేచింది. "సార్, గిది తప్పు," అంది తెలుగులో. "గా గోరి ఆయన అమ్మది. గెట్టు చెట్టు కాడ."

నవ్వులు మొదలయ్యాయి. "అగో, గిట్ల మాట్లాడుతుందేంది!" అంది ఒకామె. "మల్లొకపారి అను బిడ్డా!" ఇద్దరు ఫోన్లు తీశారు. తలగుడ్డ పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు. రత్నమ్మ కూడా నవ్వుతూ, "అంతా చంద్రయ్య శిక్షణ," అంది. పెంటయ్య ముందుకొచ్చి, "పేరేందమ్మా నీది?" అని అడిగాడు.

ఆమె మళ్లీ అదే మాట అంది, గట్టిగా. ఈసారి చప్పట్లు కొట్టారు.

వెనకాల గడ్డపార దిగిన చప్పుడు వినబడింది. రాయిని గుంటలో నిలబెట్టి, మట్టి కప్పి, ఇద్దరు ఎక్కి తొక్కారు. చంద్రయ్య కుర్చీ వెనక నుంచి కదల్లేదు. నర్సమ్మ ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ భర్త మొహం చూసింది. అతను ఆమెను చూడలేదు.

తిరుగు దారిలో తుంపర పట్టింది. వెంకటరమణ ఫోన్‌లో ఎవరికో చెబుతున్నాడు: "ఒక పంచాయితీ తెంపి వస్తాండా... లేదప్పా, మన డ్రైవర్‌దే. కోర్టుకు పోయింటే పదేండ్లు." ఫోన్ పెట్టేసి, "చంద్రయ్యా, నీ పని అయిపాయె గదా," అన్నాడు. చంద్రయ్య గేరు మార్చాడు. రత్నమ్మ హుయెన్ చేతిలో పెరుగన్నం డబ్బా పెట్టింది. హుయెన్ మూత తీయలేదు.

శంకర్‌పల్లి చౌరస్తా దగ్గర చంద్రయ్య కారును పక్కకు తీసి ఆపాడు. ఇంజన్ ఆపాడు. దిగి ఇటువైపు వచ్చి, వెంకటరమణ కిటికీ దగ్గర తాళం చెవి అందించాడు.

"ఏమైంది? టైరా?"

"నేను ఊరికి పోతున్న సార్."

"ఇప్పుడే గదా వచ్చినాం."

"గోరి కాడ రాయి పీకాలె సార్. మీరుండంగ పీకితే మీకు మర్యాద గాదు."

వెంకటరమణ తాళం అందుకోలేదు. "అందరి ముందు ఒప్పుకున్నావు కదయ్యా!"

"నేను ఒప్పుకోలే సార్. మీ ముందల మాట్లాడలే."

వాన అతని చొక్కా భుజాల మీద పడుతోంది. రత్నమ్మ ముందుకు వంగి కొడుకు భుజం మీదుగా చెయ్యి చాపి తాళం చెవి తీసుకుంది.

"రేపు పొద్దున డ్యూటీ?" అన్నాడు వెంకటరమణ.

"సూస్త సార్."

హుయెన్ డబ్బా సీటు మీద పెట్టి డోరు తీసుకుని దిగింది. "నేను కూడ వస్త అన్నా. నా వల్లనే అయింది."

"వద్దమ్మా," అన్నాడు చంద్రయ్య. "నువ్వొస్తే మల్ల కుర్చీలేస్తరు."

రోడ్డు దాటాడు. ఊరివైపు పోయే షేర్ ఆటోను చెయ్యి ఊపి ఆపాడు. వెనక చోటు లేదు. డ్రైవర్ జరిగి పక్కన కాస్త జాగా ఇచ్చాడు. చంద్రయ్య ఒక కాలు బయటకు పెట్టి, పైకమ్మి పట్టుకుని, ఒరిగి కూర్చున్నాడు.